పరుగునకును అనధ్యయనము గలదు



మా రావులపాలెమున గౌతమి గట్టుపై వేకువనే పరుగెత్తు స్త్రీలు కానవచ్చుచున్నారు. కొందఱు పోలీసు కొలువునకై 1600 మీటర్ల పరీక్షకు సిద్ధపడు బాలికలు. కొందఱు మావలె ముప్పది యేండ్లు దాటి, మేను బరువై, ఆలస్యముగ మేలుకొన్న గృహిణులు. తణుకు బిడ్డ దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్సున దేశము తరపున పరుగెత్తెనని విన్న పిదప ఎవరి కాళ్లు ఊరకుండును?

మేమును నిరుడు ప్రారంభించితిమి. ఒక్కనాడు మానినను వ్రతభంగమగునని తలచి, మూడువారము లెడతెగక పరుగెత్తితిమి. నాలుగవ వారమున మోకాటి క్రింద ముందరి యెముక వెంబడి నొప్పి పుట్టి, మేడమెట్లెక్కుటయే గగనమయ్యెను. ఉపాధ్యాయులగు మా యింటివారు నవ్వి, “మీ నాయనగారు పాడ్యమినాడు నీకు పాఠము చెప్పిరా?” యని యడిగిరి.

చెప్పలేదు. అష్టమి, పాడ్యమి మున్నగు తిథులు అనధ్యయనములు. ఆ దినములందు క్రొత్తపాఠము లేదు. నేర్చినదే మనసున నాటుకొనెడిది.

దేహమునకును అంతియే. పరుగువలన కండరములు, ఎముకలు కొంత నలగును. అవి బాగుపడి మునుపటికంటె గట్టిపడుట విశ్రాంతివేళనే. గుండె, ఊపిరితిత్తులు కొలది వారములలో అలవాటుపడును. ఎముకలకు నెలలు పట్టును. కావున ఆయాసము తగ్గినదని తొందరపడుటయే తొలి పొరపాటు. వేసవిలో నీరు కట్టి పూడిక తీయనిచో మన కోనసీమ కాలువ చివరి చేనికి నీరందించునా? బలవంతుడైనను సగము శక్తితోనే వ్యాయామము చేయవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను.

క్రొత్తవారు దినము విడిచి దినము, వారమునకు మూడుమారులు పరుగెత్తిన చాలును. ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడకగా మొదలిడవలెను. ఎముకపై ఒక్కచోటనే నొక్కిన నొప్పి గలిగినను, ఋతుక్రమము తప్పినను పరుగు మాని వైద్యుని జూడవలెను. చాలినంత తినక శ్రమించు స్త్రీల యెముకలు బలహీనపడును.

మఱియొక మాట. విరామదినమనగా పరుగు మాని యింటెడు బట్టలుతుకు దినము కాదు. మన యిండ్లలో ఈ సంగతి నోరువిప్పి చెప్పనిదే ఎవరికిని తోచదు. మేము చెప్పితిమి. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారములందు మేము నొప్పి లేక పరుగెత్తుచున్నాము. మంగళ, గురువారములందు మా యింటివారే కాఫీ కలుపుచున్నారు.