మగతోడు అక్కరలేని గుడ్డిపాము

మృగశిర కార్తెలో గట్టివాన ఒకటి పడి, కోస్గి చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో పదును దిగిన మర్నాడు గట్టు మీది రాయి తిరగేస్తే, నల్లగా మెరుస్తూ సన్నటి జీవి ఒకటి మెలికలు తిరుగుతుంది. చూసినవాళ్లు ఎర్ర అనుకుని వదిలేస్తారు. కాస్త వంగి చూడండి. ఎర్రకు ఒంటినిండా కట్లుంటాయి, దీనికి నున్నని పొలుసులు. ఎర్రకు లేని నాలుక కూడా దీనికుంది. క్షణానికోసారి బయటికొచ్చి మట్టి వాసన పట్టుకుపోతుంది. ఇది పామే, గుడ్డిపాము.

జానెడు కూడా ఎదగదు. తలా తోకా ఒకే లావు. కళ్లుండాల్సిన చోట, పొలుసుల కింద రెండు నల్లచుక్కలుంటాయి. వెలుగేదో చీకటేదో పోల్చుకోవడానికి అవి చాలు. మిగతా చాలా పాములకు పొట్ట కింద అడ్డంగా వెడల్పు పొలుసులుంటే, దీనికి వీపునా పొట్టనా ఒకే తీరు చిన్న పొలుసులు, ఒంటిచుట్టూ 20 వరుసలు. తోక కొసన సూదిమొనంత ముల్లు. చేతిలోకి తీసుకుంటే దాన్నే ఆనించి నెడుతుంది. మనవాళ్లు కాటనుకుని విదిలించేది దాన్నే. ఈ పాముకు విషం లేదు, మన వేలిని పట్టేంత నోరూ లేదు. బాత్‌రూం జాలీలోంచి పైకొచ్చిన పాపానికి చీపురు దెబ్బలు తిని చచ్చే గుడ్డిపాముల్ని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

చీమల పుట్టలూ చెదల బొరియలే దాని లోకం. గుడ్లు, పిల్లపురుగులు దాని తిండి. పళ్లు పైదవడకే ఉంటాయి. ఆ దవడను లోపలికీ బయటికీ గబగబా ఆడిస్తూ తిండిని గొంతులోకి లాక్కుంటుంది. ఇంకో విచిత్రాన్ని జపాన్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. చెదపురుగును వెనకనుంచి మింగుతూ వచ్చి, తల దగ్గర ఆగి, నేలకేసి రాసి ఆ తలను తెంపేస్తుందట. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లు. ఎరను ముక్క చేయకుండా మింగడం పాముల రివాజు. ఈ చిన్నది దాన్ని కూడా దాటేసింది.

అసలు వింత ఇంకా చెప్పలేదు. ఈ జాతిలో ఉన్నవన్నీ ఆడవే. జోడు లేకుండానే గుడ్లు పెడతాయి, వాటిలోంచి మళ్లీ ఆడపిల్లలే వస్తాయి. మనకు క్రోమోజోములు రెండు కట్టలుగా ఉంటే దీనికి మూడు కట్టలు, కట్టకు 14 చొప్పున మొత్తం 42. అమెరికా శాస్త్రవేత్తలు 1987లో ఈ లెక్క తేల్చారు. మగతోడు లేకుండానే సాగే పాము జాతి ప్రపంచంలో ఇదొక్కటే అంటారు. చెలక గట్టున రాయి కింద ఇంత అద్భుతం పడుకుని ఉంటే, అనకొండ బొమ్మల కోసం అమెజాన్ అడవుల వీడియోలు వెతుక్కుంటున్నాం.

శాస్త్రలోకానికి ఇది తెలిసింది కూడా తెలుగునేల మీది నుంచే. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు, వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి పాముల్ని సేకరించాడు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఈయన పేరే ఉంది. 1796లో లండన్‌లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ బుల్లిపాము బొమ్మ ఉంది, దాని పక్కన ఇక్కడివాళ్లు చెప్పిన ‘రెండు తలల పాము’ అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో అచ్చువేశారు. ఆ బొమ్మ ఆధారంగానే 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాఁ దీనికి ‘బ్రామినస్’ అని శాస్త్రనామం పెట్టాడు.

ఆ తర్వాత ఇది లోకమంతా తిరిగింది. మొక్కల వేళ్ల మట్టిలో దాక్కుని ఓడలెక్కి ఆఫ్రికా తీరం, సీషెల్స్, ఆస్ట్రేలియా, హవాయి, మెక్సికో, ఫ్లోరిడా చేరింది. పూలకుండీల పాము అని పిలిచేది అందుకే. నేల మీది పాముల్లో ఇంకేదీ ఇంత విస్తారంగా లేదు. కొత్తచోట కాలూనాలంటే చాలా జీవులకు ఆడా మగా రెండూ చేరాలి. దీనికి ఒక్కటి చేరితే చాలు, లేదా వేళ్ల మధ్య ఒక్క గుడ్డు. కోస్గి నర్సరీలో కొన్న మల్లెమొక్కను లారీలో ఎంత దూరం పంపినా, ఆ మట్టిలో ఇదొకటి ఉంటే అక్కడ ఇంకో సంతానం మొదలైనట్టే.