చేతులు మారిన కారు, చేతులెత్తేసే డీలరు

సెకండ్‌హ్యాండ్ కారు ఇంజన్ మొరాయిస్తే పరిహారం దక్కడం అసాధ్యమేమీ కాదు. కానీ మెకానిక్ పానా పట్టకముందే కేసు సగం తేలిపోతుంది

కొని నెల తిరక్కముందే హైవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతుంది. బానెట్ ఎత్తితే ఆవిరి. ఆయిల్ మూత లోపల పాలు కలిపిన టీ రంగు జిగురు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందనడానికి అదో గుర్తు. డీలరుకు ఫోన్ చేస్తే వినిపించే జవాబు తెలిసిందే: "చూసుకునే కొన్నారు కదా సార్!" సాధారణ మోటారు పాలసీ యాంత్రిక లోపాలకు వర్తించదు కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ కూడా తప్పుకుంటుంది.

డీలరు మాటలో కొంత చట్టం లేకపోలేదు. కొనేవాడే జాగ్రత్తపడాలన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సూత్రం. మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. అదే వ్యాపారంగా ఉన్నవారు అమ్మే సరుకుకు కనీస నాణ్యత ఉండాలి. పైపైన పరిశీలిస్తే బయటపడని లోపానికి 'చూసుకున్నారుగా' అన్న సాకు చెల్లదు. 'ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను' అని సంతకం పెట్టేస్తే మాత్రం వాదన బలహీనపడుతుంది.

పాత వస్తువు కొన్నంత మాత్రాన వినియోగదారు హోదా పోదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (2019) కింద తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. కారుకు చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. అయితే అమ్మింది వ్యాపారి అయితేనే ఈ దారి. పక్కవీధి ఉద్యోగి తన సొంత కారు అమ్ముకుంటే సివిల్ కోర్టే దిక్కు.

అసలు చిక్కు రుజువు దగ్గరే. లోపం అమ్మేనాటికే ఉందని కొన్నవారే నిరూపించాలి. ముల్లు ఎర్రగీత దాటాక కూడా నడిపారని డీలరు ఎదురుదాడి చేస్తాడు. అందుకే ఆదుర్దాగా ఇంజన్ విప్పించడమంత పొరపాటు మరొకటి లేదు. విడిభాగాలు చెల్లాచెదురయ్యాక ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు. కారును లాగించుకెళ్లి, ఫొటోలు తీసి, విప్పే ముందు వచ్చి చూసుకోమని డీలరుకు లిఖితపూర్వకంగా నోటీసివ్వాలి. ఆపైన అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి కారణం రాయించుకున్న నివేదిక కావాలి. అక్కడి పాత సర్వీసు రికార్డులో కిలోమీటర్లు ఇప్పటి మీటరు కంటే ఎక్కువ ఉన్నాయా, డీలరు నోట మాట రాదు. 'సింగిల్ ఓనర్, టిప్‌టాప్ కండిషన్' అన్న ప్రకటననూ దాచుకోవాలి. అవసరమైతే కమిషన్ సాంకేతిక పరీక్షకు ఆదేశిస్తుంది.

బ్రిటన్‌లో ఈ భారం తిరగబడింది. అక్కడి 2015 చట్టం ప్రకారం డీలరు అమ్మిన పాత కారులో ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని చూపాల్సింది డీలరే. ఇక్కడ అలాంటి వెసులుబాటు లేదు.

గెలిస్తే మరమ్మతు ఖర్చో, కారు ధరో, దాంతోపాటు మనోవేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు రావచ్చు. ఫిర్యాదును 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఏళ్లు పట్టే కేసులకూ కొదవ లేదు. అందాకా కారు గ్యారేజీలోనే, పార్కింగ్ అద్దెతో సహా.