చుక్కలు, సున్నలు

బొబ్బిలి పెరటితోటల వేసవి ముచ్చట గురువారము సాయంకాలములోగా అందవలెనని సంపాదకులవారు కబురంపగా, ఎర్రనేలను, వేగావతి నీటిని, పచ్చని పందిళ్లను వర్ణించుటకు సిద్ధపడి పోయిన నన్ను, మా పెద్దమ్మ వంటింటి తలుపువెనుక మేకునకు వ్రేలాడు పంచాంగపు క్యాలెండరు పట్టి నిలిపినది.

పాలలెక్క వ్రాసికొను ఆ గళ్లలో ఆమె ఆనపపాదు పూలను లెక్కించినది: మగపువ్వునకు చుక్క, ఆడపువ్వునకు సున్న. మాఘ పౌర్ణమినాడు విత్తు పెట్టినట్లు పసుపుబొట్టు. ఫాల్గుణ బహుళమంతయు చుక్కలే. ఒకనాడు నాలుగు, మరునాడు ఏడు, ఆపైన పదకొండు. పాదు తొలుత మగపూలనే పూయుననియు, ఎండ ముదిరి పగలు సాగినకొలది వాని సంఖ్య మరింత హెచ్చుననియు ఎరుగనివారు ఈ దశయందే విసిగి తీగను పెరికివేయుదురు. ఉగాది గడిలో తొలి సున్న, దానిపై కుంకుమ; నాలుగు దినములకు ఆ కుంకుమ మీదనే అడ్డగీత. పిందె పసుపుబారి రాలినది. ఆ గీత చూచినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది.

బొబ్బిలి యనగానే చదువరులు కోరునది చెప్పి ముందుకు పోయెదను: 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కోట కూలినది, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు బుస్సీ పక్షమున నిలిచిన విజయనగరము రాజు విజయరామరాజును సంహరించి పగతీర్చుకొనెను, నేడు గొల్లపల్లిలో పనసమాను తొలిచి వీణలు చేయుదురు. వీణ దండె క్రింది బుర్ర పూర్వము ఎండిన ఆనపకాయయే గనుక, కోటకంటె ఆ పాదుపైననే నాకు మక్కువ.

"పొద్దుగూకింది బాబూ, పువ్వు ఇచ్చీసుకుంటాది, రా" అని పెద్దమ్మ పిలిచినది. ఆనప తెల్లపువ్వు సందెవేళనే విచ్చి, చీకట తిరుగు రెక్కలపురుగులకై వేచియుండును. అవి రానినాడు పిందె నిలువదు. అందుచేత ఆమె మగపువ్వు నొకటి కోసి, రేకులు ఒలిచి, నడుమనున్న పుప్పొడికాడను, బొటనవ్రేలంత నూగుపిందె తలపై విచ్చిన ఆడపువ్వులోని మూడు పాయల కీలాగ్రమునకు, పసిబిడ్డకు కాటుక దిద్దినంత మెల్లగా, మూడుమారులు తాకించినది. అట్లు చేసిన పూవుల సున్నలకు క్యాలెండరులో తోక యుండును. తోకగల సున్నలు తొమ్మిది. అడ్డగీత పడినది ఒక్కటే. ఆ రాత్రి దీపము వెలిగించి పదియవదానికి తోక గీసినది.

పెరటిలో మిగిలిన ముచ్చట్లు

వంకరపోవు పొట్లకాయ కొసకు చిన్నరాయి కట్టుదురు; బరువునకు తిన్నగా సాగును.

బెండాకు ఈనెలు పసుపుబారినచో అది తెల్లదోమ మోసికొనివచ్చిన తెగులు. ఆ మొక్కను వెంటనే పెరికివేయవలెను.

ఆనపముక్క నాలుకకు చేదు తగిలినచో కాయంతయు పారవేయవలెను. ఆ చేదు ప్రాణాంతకము కావచ్చును.

విత్తుకు విడిచిన కాయను తీగమీదనే ఎండనిచ్చి, గోరు దిగనంత గట్టిపడిన పిమ్మట చెవివద్ద ఊపి చూతురు. లోపల గింజలు గలగలమనవలెను.