తన పేరు తానే చెప్పుకునే బోర్డు

రాస్‌బెర్రీ పై కంప్యూటర్ అంచున 40 పిన్నులు రెండు వరుసలుగా నిలబడి ఉంటాయి. చాలావాటితో మన ఇష్టం. సెన్సర్ తగిలించుకోవచ్చు, రిలే నడుపుకోవచ్చు, చిన్న తెర పెట్టుకోవచ్చు. 27, 28 నంబర్ల పిన్నుల జోలికి మాత్రం పోవద్దని తయారుచేసినవాళ్లు గట్టిగా చెబుతారు. ఆ రెండూ ఒకే పనికి కేటాయించినవి. కరెంటు అందగానే, లినక్స్ ఇంకా లేవకముందే, ఆ రెండు తీగల మీదుగా కంప్యూటర్ ఒక ప్రశ్న వేస్తుంది: పైన ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎవరు?

జవాబు చెప్పాల్సింది పైన తగిలించిన బోర్డు. ఈ ప్రశ్న ఎలా పుట్టింది, ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ చాలలేదు అన్నది తెలిస్తే, ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకునేవాళ్లకు ఏ పరికరం కొనాలో చాలావరకు తేలిపోతుంది. ఫొటోలు దాచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్, సినిమాలకు జెల్లీఫిన్, ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ నడపడానికి హోమ్ అసిస్టెంట్ ఉన్నాయి. అన్నీ ఓపెన్ సోర్స్, అన్నీ ఉచితం. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. డబ్బు పెట్టి తెచ్చిన డిస్కో, డాంగులో ఈ చిన్న కంప్యూటర్‌తో కలవకపోవడమే అసలు తలనొప్పి.

రాస్‌బెర్రీ పై సర్వర్ కోసం పుట్టింది కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే విద్యార్థులు తగ్గిపోతున్నారనీ, వచ్చినవాళ్లకు కూడా యంత్రం లోపలి సంగతులు పెద్దగా తెలియడం లేదనీ 2006 ప్రాంతంలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు గమనించారు. 1980లలో బ్రిటన్ పిల్లలు బీబీసీ మైక్రో మీద ప్రోగ్రాములు రాసుకుంటూ పెరిగారు. అలాంటి యంత్రం మళ్లీ కావాలనుకున్నారు. మోడల్ ఎ, మోడల్ బి అనే పేర్లు కూడా అక్కడినుంచే తెచ్చుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న మోడల్ బి 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. 256 ఎంబీ మెమరీ, 26 పిన్నులు. మొదటి బోర్డుల్లో ఒక్కో యూఎస్‌బీ పోర్టుకు 140 మిల్లీయాంపియర్ల ఫ్యూజు ఉండేది. కీబోర్డుకూ మౌసుకూ అది చాలు. దానికి ఎవరైనా హార్డ్ డిస్క్ తగిలిస్తారన్న ఊహ ఆ డిజైన్‌లో కనపడదు.

జనం తగిలించారు. డిస్కులు తగిలించారు, 26 పిన్నుల మీద రకరకాల బోర్డులు పేర్చారు. ఒక్కో బోర్డు ఒక్కో సైజు. దాన్ని బిగించడానికి సరైన రంధ్రాలు లేవు. ఏ పిన్ను ఏం చేస్తుందో కొన్నవాడే మాన్యువల్ చూసి సెట్టింగుల్లో రాసుకోవాలి. పైగా 2012లోనే వచ్చిన రెండో రివిజన్ బోర్డులో మూడు పిన్నుల లోపలి నంబర్లు మారాయి. పాత బోర్డు మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్, చూడ్డానికి అచ్చంగా అలాగే ఉన్న కొత్త బోర్డు మీద కదలకుండా కూర్చుంది. సాకెట్‌లో పట్టడం వేరు, పనిచేయడం వేరు అని వాడేవాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది.

2014 జులైలో మోడల్ బి ప్లస్ వచ్చింది. పిన్నులు 40 అయ్యాయి. మొదటి 26 మాత్రం ఎక్కడివక్కడే ఉంచారు. పాత బోర్డులు కొన్నవాళ్ల డబ్బు వృథా కాకూడదన్న ఆ పట్టుదల నాకు చాలా నచ్చుతుంది. నాలుగు మూలల దగ్గర నాలుగు బిగింపు రంధ్రాలు వచ్చాయి. అదే నెలాఖరులో యాడ్-ఆన్ బోర్డులకు ఒక నియమావళి ప్రకటించారు. దాన్ని పాటించే బోర్డును హ్యాట్ అంటారు. కొలత 65 మిల్లీమీటర్లకు 56. మొత్తం 40 పిన్నుల కనెక్టర్ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, 27, 28 పిన్నులకు కలిపిన ఈఈప్రామ్ చిప్ ఒకటి ఉండాలి.

ఆ చిప్‌ను దగ్గరగా చూడాలి. గోరుకంటే చిన్నది, ఖరీదూ అతి తక్కువ. లోపల కొన్ని కిలోబైట్ల చోటు, కరెంటు పోయినా చెరగదు. అందులో తయారీదారు పేరు, బోర్డు పేరు, వెర్షన్, ప్రపంచంలో మరే బోర్డుకూ ఉండని ఒక గుర్తింపు సంఖ్య, ఏ పిన్నును ఎలా వాడుకుంటుందో చెప్పే పట్టిక, లినక్స్‌కు కావలసిన డ్రైవర్ వివరాలు ఉంటాయి. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎవరూ అడక్కముందే ఫలానా వారి అబ్బాయినని చెప్పుకున్నట్టు, బోర్డు తన గురించి తానే చెప్పేస్తుంది. కంప్యూటర్ ఆ పట్టిక చదివి పిన్నులను సర్దుతుంది, డ్రైవర్లను పిలుస్తుంది. సెట్టింగుల ఫైలు తెరవనక్కర్లేదు.

డ్రైవర్ వివరాలు రాసే పద్ధతి రాస్‌బెర్రీ వాళ్లు కనిపెట్టింది కాదు. దాన్ని డివైస్ ట్రీ అంటారు. మామూలు పీసీలో కార్డు గుచ్చితే పీసీఐ బస్సు దాన్ని గుర్తుపట్టగలదు. ఏఆర్ఎం చిప్పుల బోర్డుల్లో చాలావాటికి అలాంటి ఏర్పాటు లేదు. ఏ బోర్డుకు ఆ బోర్డు తన వివరాలను లినక్స్ కెర్నెల్‌లో ప్రోగ్రాముగా చొప్పించేది. కెర్నెల్ ఆ చెత్తతో నిండిపోతుంటే 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఏఆర్ఎం వాళ్లను అందరి ముందూ కడిగేశాడు. ఆ తర్వాతే హార్డ్‌వేర్ వర్ణనను ప్రోగ్రాములోంచి బయటికి తీసి విడి ఫైలులో రాసే డివైస్ ట్రీ పద్ధతి వేగంగా పాకింది. 2015 మొదట్లో రాస్‌బెర్రీ కెర్నెల్ కూడా దానికి మారింది. ఆ మార్పు రోజుల్లో చాలామంది సెన్సర్లూ సౌండ్ బోర్డులూ ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి. ఆ బాధ పడాల్సిందే అంటాను నేను. అది జరగకపోయి ఉంటే ఒక్కో హ్యాట్‌కు ఒక్కో సొంత కెర్నెల్ మోసుకు తిరిగేవాళ్లం.

పేరు చెప్పుకోగలిగినంత మాత్రాన అన్నీ కుదిరిపోవు. 2018లో మోడల్ 3బి ప్లస్‌తో పాటు నాలుగు పిన్నుల కొత్త కనెక్టర్ ఒకటి వచ్చింది. నెట్‌వర్క్ తీగలోంచే కరెంటు తీసుకునే హ్యాట్ కోసం అది. అందాకా వచ్చిన కొన్ని కేసులకూ బోర్డులకూ ఆ నాలుగు పిన్నులు అడ్డం తగిలాయి. ఆగస్టులో ఆ హ్యాట్ రానే వచ్చింది. ఎక్కువ కరెంటు లాగే పరికరాన్ని యూఎస్‌బీకి తగిలిస్తే పోర్టు ఉన్నట్టుండి ఆగిపోతోందని కొన్నవాళ్లు కనిపెట్టారు. కంప్యూటరూ హ్యాటూ రెండూ ఒకే ఇంట తయారైనవి. అయినా ఒకదాని కరెంటు తీరు మరోదానికి పడలేదు. రాస్‌బెర్రీ వాళ్లు లోపం బయటికి ఒప్పుకుని తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

2023లో వచ్చిన పై 5తో పిన్నుల వెనక ఉన్న వ్యవస్థే మారిపోయింది. 40 పిన్నులు అవే, స్థానాలు అవే. వాటిని నడిపేది మాత్రం ఆర్‌పీ1 అనే కొత్త చిప్. అందాకా పైథాన్‌లో అందరూ వాడిన ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ అనే లైబ్రరీ కెర్నెల్‌ను అడక్కుండా నేరుగా చిప్ మెమరీ చిరునామాల్లో రాసేది. ఆ చిరునామాల్లో ఇప్పుడు పిన్నులు లేవు. దాంతో పై 5 మీద ఆ లైబ్రరీ పనిచేయలేదు. కెర్నెల్ ద్వారా మర్యాదగా వెళ్లిన ప్రోగ్రాములకు మాత్రం అంత ఇబ్బంది రాలేదు. హ్యాట్ కొనేముందు దాని తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామ్ ఏ దారిన వెళుతుందో చూడమనడం అందుకే.

నియమావళిని కూడా ఆ ఏడాది డిసెంబరులో తిరగరాశారు. హ్యాట్ ప్లస్ అన్నారు. కంప్యూటర్ నిద్రలో ఉన్నప్పుడు 5 వోల్టులు ఉండి 3.3 వోల్టులు లేని స్థితి వస్తుంది, బోర్డు దాన్ని తట్టుకోవాలి. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ఈఈప్రామ్‌లు కొట్టుకోకుండా వేర్వేరు చిరునామాలు ఇచ్చారు. పై 5లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైను బయటికి ఇచ్చారు కాబట్టి 2024 మేలో ఎన్‌వీఎంఈ డిస్క్ కోసం 12 డాలర్ల ఎం.2 హ్యాట్ ప్లస్ వచ్చింది. అది తగిలిస్తే లైను దానంతటదే తెరుచుకుంటుంది. ఈఈప్రామ్ లేని వేరే కంపెనీ బోర్డయితే సెట్టింగుల ఫైలులో మనమే ఒక పంక్తి రాసి తెరవాలి. కొనేవాళ్లు ఇంకో రెండు సంగతులు చూడాలి. ఆ హ్యాట్ మీద 30, 42 మిల్లీమీటర్ల డిస్కులే పడతాయి. మన దగ్గర షాపుల్లో మామూలుగా దొరికేది 80 మిల్లీమీటర్లది. అలాగే చౌకగా దొరికే ఎం.2 సాటా డిస్క్ అదే సాకెట్‌లో దూరుతుంది కానీ కంప్యూటర్‌కు కనిపించదు. అక్కడున్నది పీసీఐ ఒక్కటే, సాటా లేదు.

ఇంటి సర్వర్‌లో చాలా పరికరాలు తగిలేది ఈ 40 పిన్నులకు కాదు, యూఎస్‌బీకి. ఇక్కడ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది.

2019లో పై 4తో యూఎస్‌బీ 3 వచ్చాక డిస్కులు తగిలించడం బాగా పెరిగింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఎస్‌ఎస్‌డీకి ఒక కేసు కొన్నామనుకోండి. డబ్బా మీద వేగం రాసి ఉంటుంది, రంగు రాసి ఉంటుంది. లోపల సాటాను యూఎస్‌బీకి మార్చే చిప్ ఎవరిదో సాధారణంగా రాయరు. మన తలరాత ఉండేది ఆ చిప్‌లోనే. పాత పద్ధతిలో కంప్యూటర్ డిస్క్‌కు ఒక ఆజ్ఞ ఇచ్చి, అది పూర్తయ్యాకే ఇంకోటి ఇస్తుంది. యూఏఎస్ అనే కొత్త పద్ధతిలో చాలా ఆజ్ఞలు ఒకేసారి వరుసలో పెట్టవచ్చు. కొన్ని చిప్పులు ఈ పద్ధతి తెలుసని చెప్పుకుంటాయి కానీ, పని ఎక్కువయ్యేసరికి తడబడతాయి. డిస్క్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంది, లాగ్‌లో యూఏఎస్ రద్దు సందేశాలు వరసకట్టి కనిపిస్తాయి, ఫైలు కాపీ మధ్యలో ఆగుతుంది. చాలామంది డిస్క్ పోయిందనుకుని కొత్తది కొంటారు.

లినక్స్ కెర్నెల్‌లో ఇలాంటి చిప్పుల కోసం ఒక జాబితా ఫైలే ఉంది. ఏ చిప్‌కు ఏ మినహాయింపు ఇవ్వాలో ఎవరో దెబ్బతిన్నవాళ్లు కనుక్కుని, రాసి, పంపితే చేర్చినవి అందులోని పంక్తులు. మన చిప్ జాబితాలో లేకపోతే మనమే చేయవచ్చు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞ కొడితే ప్రతి పరికరం పక్కనా రెండు భాగాల సంఖ్య వస్తుంది. మొదటి భాగం తయారీదారుది, రెండోది ఉత్పత్తిది. జేమైక్రాన్ చిప్పయితే 152డీతో మొదలవుతుంది. ఆ సంఖ్యను బూట్ పంక్తిలో యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్ కింద రాసి చివర ‘యు’ అక్షరం చేరిస్తే, ఆ చిప్‌తో లినక్స్ పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. వేగం కొంత తగ్గుతుంది, తడబాటు పోతుంది. కేసు మార్చేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పెద్ద డిస్కుల విషయంలో కొన్ని కేసులు సెక్టర్ సైజును తమకు తోచినట్టు మార్చి చూపిస్తాయి. అందులో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను తీసి వేరే కేసులో పెడితే ఖాళీదానిలా కనిపిస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేస్తే ఫొటోలన్నీ పోయినట్టే. పాత కేసు పారేయకండి.

వైఫై డాంగుల్ సంగతీ ఇంతే. మీడియాటెక్ చిప్పుల్లో చాలావాటికి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, గుచ్చితే నడుస్తుంది. కెర్నెల్ బయట ఉన్న డ్రైవర్‌ను నమ్ముకుంటే ప్రతి అప్‌డేట్ తర్వాతా మళ్లీ కట్టుకోవాలి, ఎవరైనా దాన్ని చూసుకుంటున్నంతకాలమే ఆ పరికరానికి ఆయుష్షు. పెట్టె మీది మోడల్ నంబర్‌ను నమ్మలేం. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యుఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఆథెరాస్ చిప్ ఉండేది, లినక్స్ వాళ్లు ఏరికోరి కొనేవారు. రెండో వెర్షన్‌లో అదే పేరుతో, అదే ఆకారంతో రియల్‌టెక్ చిప్ వచ్చింది. పేరు చూసి కొన్నవాళ్లు మోసపోయారనే అనాలి.

హోమ్ అసిస్టెంట్ కోసం జిగ్‌బీ డాంగుల్ కొనేవాళ్లకు ఒక మాట. యూఎస్‌బీ 3 పోర్టు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తుంది. దీన్ని ఇంటెల్ 2012లోనే కొలిచి ప్రచురించింది. జిగ్‌బీ కూడా అక్కడే మాట్లాడుతుంది. డాంగుల్‌ను ఎస్‌ఎస్‌డీ పక్కన గుచ్చితే వంటింట్లో స్విచ్ ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. యూఎస్‌బీ 2 పోర్టులో ఒక ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టి, డాంగుల్‌ను దూరంగా జరిపితే చాలా ఇళ్లలో జబ్బు కుదురుతుంది.

ఇక కరెంటు. పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 యాంపియర్లే. రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కటే దాదాపు 1 యాంపియర్ దాకా లాగవచ్చు. రెండు డిస్కులంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్ తప్పదు. పై 5కు 5 వోల్టుల దగ్గర 5 యాంపియర్లు ఇచ్చే ఛార్జర్ కావాలి. 3 యాంపియర్లదే ఇస్తే యూఎస్‌బీకి మొత్తం 600 మిల్లీయాంపియర్లు మాత్రమే వదులుతుంది. ఇంట్లో 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్ ఉంది కదా అనుకుంటారు. అలాంటివి చాలావరకు 5 వోల్టుల దగ్గర 3 యాంపియర్లకు మించి ఇవ్వవు, మిగతా బలమంతా 9, 15, 20 వోల్టుల్లో ఉంటుంది. రాస్‌బెర్రీ పై ఆ వోల్టులు అడగదు. వోల్టేజి 4.63 వోల్టుల కిందికి దిగితే హెచ్చరిక నమోదవుతుంది, తెర తగిలించి ఉంటే మెరుపు గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తు కనిపిస్తున్నంతసేపూ డిస్క్‌ను అనుమానించకండి, ముందు ఛార్జరూ తీగా మార్చండి.

ఎండాకాలం కరెంటు కోతలున్న మన ఊళ్లలో దీనికి తోడు గడియారం బెడద ఉంది. పై 4 వరకు ఈ బోర్డుల్లో సొంత గడియారం లేదు. కరెంటు పోయి వస్తే, ఇంటర్నెట్ దొరికి టైము తెలిసేదాకా పాత టైముతోనే నడుస్తుంది. రౌటర్ కూడా అప్పుడే లేస్తూ ఉంటే ఆ కాసేపట్లో భద్రతా సర్టిఫికెట్లు చెల్లవంటుంది, బ్యాకప్ తేదీలు తారుమారవుతాయి. డీఎస్3231 చిప్ ఉన్న చిన్న గడియారపు బోర్డు దీనికి సరైన మందు. దాని డ్రైవర్ కెర్నెల్‌లో ఉంది, సెట్టింగుల్లో ఒక పంక్తి రాస్తే చాలు. పై 5లో గడియారం బోర్డు మీదే ఉంటుంది, బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. దాని రెండు పిన్నుల కనెక్టర్ యూఎస్‌బీ-సి పోర్టుకు దగ్గర్లోనే ఉంటుంది.