కాఫీపొడికి నీరు పెట్టు విధము

ధవళేశ్వరము ఆనకట్ట కాలువ నీరు వైనతేయ గోదావరిని దాటి నగరము లంకకు చేరుటకై 1850 తరువాతి సంవత్సరములలో పి.గన్నవరమున 49 కమానులతో అక్విడక్టును కట్టిరి. నేడు దాని చెంతనే డొక్కా సీతమ్మగారి పేర క్రొత్త అక్విడక్టు కలదు. నీరు ఎంత కలదను దానికన్న, అది ఎంత వేగమున, ఏ త్రోవను పోవుచున్నదను దానిని బట్టియే ఫలముండునని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాఫీ వడపోతకును ఈ న్యాయమే వర్తించును.

గరాటులో కాగితమునుంచి, అందు కాఫీపొడి వేసి, పైనుండి వేడినీరు పోసి వడగట్టు పద్ధతిని 1908లో జర్మనీ దేశమందలి డ్రెస్డెను నగరమున మెలిట్టా బెంట్జ్ అను గృహిణి కనిపెట్టెను. తన కుమారుని పుస్తకములోని అద్దుడుకాగితమే ఆమెకు మొదటి వడపోతగుడ్డ యయ్యెను. ఇప్పుడు మన యిండ్లలోను కొందరు దీనిని అవలంబించుచున్నారు.

నీరు సులభమైన త్రోవను వెదకుకొనును. నారుమడిలో మడవ ఒక్కుమ్మడిగ తెరచినచో విత్తనము కొట్టుకొనిపోవును గదా! అట్లే చెంబెడు నీటిని ఎత్తునుండి ఒకేచోట కుమ్మరించినచో పొడిలో గండి పడును. ఆ దారినున్న పొడినుండి సారము మితిమీరి దిగి చేదగును. తక్కిన పొడి సగము సారముతో వ్యర్థమగును. కాఫీ పలుచనై పులిసినట్లు తోచును. ఇల్లాలు పొడి చాలలేదని తలచి మరునాడు ఇంకొక చెంచా వేయును. లోపమంతయు నీరు పెట్టుటలోనే యున్నది.

చేయవలసిన విధమిది. ఒకరికి 15 గ్రాముల పొడియు, 240 మిల్లీలీటర్ల నీరును చాలును. పొడి సన్నని బొంబాయిరవ్వవలె నుండవలెను. నీటిని మరుగనిచ్చి, పొయ్యి దించి అరనిమిషము ఆగవలెను. కాగితమును ముందుగ వేడినీటితో తడిపి, ఆ నీటిని పారబోసి, పొడి వేసి చదును చేయవలెను. మొదట 30 మిల్లీలీటర్లు మాత్రము పొడియంతయు తడియునట్లు పోసి, సుమారు 40 సెకనులు ఆగవలెను. అప్పుడు పొడిలోని బొగ్గుపులుసు గాలి బుడగలై వెడలిపోవును; ఆ గాలి యుండగా నీరు లోనికి దిగదు. పిమ్మట 70 మిల్లీలీటర్ల చొప్పున మూడు తడవలు, సన్నని మూతిగల పాత్రతో, తక్కువ ఎత్తునుండి, నడుమ మొదలిడి వలయముగ పోయవలెను. కాగితపు అంచున పోసిన నీరు పొడిని తాకకయే దిగిపోవును. అంతయు దిగుటకు మూడు నిమిషములు పట్టును. అంతకన్న త్వరగా దిగినచో మరునాడు పొడిని కొంచెము మెత్తగను, మిక్కిలి ఆలస్యమైనచో కొంచెము గరుకుగను విసరవలెను.

నీరు దిగిన పిమ్మట పొడిని చూచినచో మన పని తెలియును. చదునుగ నున్నచో నీరు సమముగ పారినట్లు. నడుమ గుంట పడినచో ఒకేచోట పోసినట్లు.

అయితే ఈ కాఫీ పలుచనైనది. పాలు కలిపిన రుచి చెడును. పాలతో త్రాగువారికి ఇత్తడి ఫిల్టరే మేలు. అందు పొడిపై నుంచు చిల్లుల బిళ్ళ నీటి ధాటిని విరుచును. కావున దానిని తీసివేయక, ఆ బిళ్ళమీదనే నెమ్మదిగ నీరు పోయవలెను.

కోనసీమలో కాఫీ పండదు. ప్రతి గింజయు రొక్కమిచ్చి కొనవలసినదే. అరకు, పాడేరు మన్యములలో నీడచెట్ల క్రింద గిరిజన సోదరులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి కాఫీని కొనుచున్నది. చేతితో ఏరిన ఆ పండ్ల సారమును గండిపాలు చేయుట సాటి సేద్యగాండ్రమగు మనకు తగదు. చెంచా పొడి పెంచుటకు ముందు, నీటి ధారను సన్నగిల్లజేసి చూడుడు.