ఇంటిబండి పైకప్పునకు పంకా



నేడు నేను ప్రసంగింప దలచిన విషయము వినుటకు చిన్నదిగానే తోచును. కాని అది బండిలో రాత్రి నిద్రించువారి యూపిరికి సంబంధించినది. కావున కొంచెము సావధానముగా వినవలెనని కోరుచున్నాను.

ఈ కాలమున కొందరు పెద్ద వ్యానులలో పడకలును, వంటబల్లయు, నీళ్లతొట్టియు అమర్చుకొని, సకుటుంబముగా దూరయాత్రలు చేయుచున్నారు. ఇట్టిదానిని కారవానందురు. నేను ఇంటిబండి యని పిలిచెదను. తెలుగువారికి వాహనమే వాసమగుట బొత్తిగా క్రొత్త కాదు. 1982వ సంవత్సరమున నందమూరి తారక రామారావుగారు ఒక పాత షెవర్లె బండిని మార్పించి, చైతన్యరథమని పేరిడి, రాష్ట్రమంతయు తిరిగిన సంగతి మీలో పలువురు ఎఱుగుదురు. ఆ బండికప్పు ఉపన్యాసవేదిక యయ్యెను. నేడు నేను చెప్పబోవు బండికప్పు గాలికి ద్వారము కావలసియున్నది.

మా నల్లపాడునందు నా పూర్వశిష్యుడొకడు, ఉబ్బసముగల తన తల్లిని కాశీయాత్రకు గొనిపోవలెనని యిట్టి బండి నొకదానిని సిద్ధపరచెను. దాని కప్పునకు పంకా అమర్చుచుండగా నేను దగ్గర కూర్చుండి చూచితిని. చూచినదియు, విచారించి తెలిసికొన్నదియు మీకు మనవి చేసెదను.

మొదట పంకా యేల కావలెనో చెప్పెదను. ఎండలో అద్దములు మూసి నిలిపిన కారునందు పది నిమిషములలోనే వేడిమి సుమారు 10 డిగ్రీలు హెచ్చునని పరీక్షించినవారు కనుగొనిరి. ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి వెలువడు వేడి సుమారు 100 వాట్లు. అనగా నలుగురు కూర్చున్న బండి నాలుగు పెద్ద దీపములు వెలుగుచున్న గదివంటిది. ఊపిరివలనను చెమటవలనను తేమయు చేరును. వేడియెక్కిన గాలి వ్యాకోచించి, తేలికయై, పైకి పోవును. ఇనుపరేకు కప్పు దానిని పోనీయదు. కావున ఉడుకుగాలి కప్పుక్రిందనే నిలిచియుండును. దానిని వెడలించుటకు తగిన తావు కప్పేకాని ప్రక్కగోడ కాదు.

ఈ ధర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. మండువా లోగిలిలో నడుమ ఆకాశమునకు తెఱచియుంచినది వానకును వెలుతురునకును మాత్రమే కాదు, గదులలోని వేడిగాలి పైకి పోవుటకును. మన ప్రాంతమున వర్జీనియా పొగాకు కాల్చు బ్యారన్ చూడుడు. దానికి క్రింద గాలికంతలును, పైన గాలికంతలును ఉండును. ఆకు పసుపుపట్టువఱకు వానిని మూసియుంతురు. పిదప రెంటిని తెఱచి ఆకును ఆరనిత్తురు. ఈనె యారునపుడు మఱల మూయుదురు. పైకంత తెఱచి క్రిందికంత మూసినయెడల ఆకు చక్కగా ఆరదని బ్యారన్ కాల్చిన రైతు నెవనినడిగినను చెప్పును.

మఱియొక యుదాహరణము. మా నల్లపాడు రైలు కూడలి. ఇచ్చటనుండి నంద్యాలకొక మార్గమును, పగిడిపల్లికొక మార్గమును పోవును. పాత రైలుపెట్టెల కప్పుమీద చిన్న చిన్న గాలిమూతలు వరుసగానుండుట మీరు చూచియుందురు. బండి పరుగెత్తునపుడు పైనుండి కొట్టుగాలి ఆ మూతలగుండ లోపలిగాలిని వెలికి లాగును. బండి నిలిచినంతనే ఆ లాగుడు తగ్గును, పెట్టెలో ఉక్క పుట్టును. ఇంటిబండిలో మనుష్యులు నిద్రించునది నిలిచినపుడే. కావుననే దానికి విద్యుత్తుతో తిరుగు పంకా అవసరమైనది.

ఇక ప్రధానవిషయము. సంస్కృతమున కిటికీకి వాతాయనమని పేరు. వాతమునకు అయనము, అనగా గాలికి మార్గము. మార్గమునకు రెండు కొనలుండవలెను. పంకా గాలి వెలువడు కొన మాత్రమే. లోనికి వచ్చు కొనను మనము చూపవలెను. కిటికీలన్నియు బిగించి పంకా త్రిప్పినచో అది రొద చేయునుగాని గాలిని తగినంత మార్చలేదు. కావున నీడవైపున, క్రిందుగా, ఒక కిటికీని కొంచెము తెఱచి, దోమలవల బిగింపవలెను. ఆ కిటికీ తలగడవైపునను, పంకా కాళ్లవైపునను ఉన్నచో చల్లనిగాలి ముఖముమీదుగా పోవును. రెండును దగ్గరదగ్గరగా నున్నచో వచ్చినగాలి వచ్చినట్లే పోవును, బండిలోని మిగిలిన గాలి కదలదు.

ఎంత గాలి కావలెనో లెక్క చూతము. బండిలోపల పొడవు 12 అడుగులు, వెడల్పు 5½ అడుగులు, ఎత్తు 6 అడుగులు అనుకొనుడు. గుణించిన 396 ఘనపుటడుగులు. మేలురకపు పంకాలు నిమిషమునకు 900 ఘనపుటడుగుల గాలిని కదల్చునని చేయువారు చెప్పుదురు. దోమలవలయు, ఇఱుకు కిటికీయు అడ్డుపడి అందులో సగమే కదలినను, నిమిషమునకొకమారు బండిలోని గాలియంతయు మాఱును. రాత్రి అంత వేగము అక్కఱలేదు.

అమర్చు విధానమును క్రమముగా చెప్పెదను. పంకాకు సాధారణముగా 14 అంగుళముల చదరపు రంధ్రము కావలెను. కప్పునకు లోపలివైపున అడ్డబద్దలుండును. అవి ఇంటికి దూలములవంటివి. వానిని కోయక, నడుమనున్న రేకును మాత్రమే కోయవలెను. కొలత గీచి, నాలుగు మూలల బెజ్జములు వేసి, రంపముతో కోయుదురు. కోయునపుడు రాలు ఇనుపరజనును క్రింద గుడ్డ పట్టి పోగుచేయవలెను. కప్పుమీద మిగిలినదానిని తుడిచివేయవలెను. లేనిచో ఆ రజను తుప్పుపట్టి రంగును పాడుచేయును. కోసిన అంచును ఆకురాయితో నున్నచేసి, తుప్పు పట్టకుండునట్టి రంగు పూసి, ఆరనీయవలెను.

పిదప లోపలివైపున చెక్కచట్రము నొకదానిని రంధ్రముచుట్టును ఇమిడ్చెదరు. మరమేకులు పలుచని రేకునకు కాక ఈ చట్రమునకు బిగియును. పంకా అంచునకును కప్పునకును నడుమ బ్యూటైల్ టేపనెడి జిగురుపట్టీ వేసి, ఎదురెదురు మూలల మరమేకులను కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక ప్రక్కనే ముందు బిగించినచో రెండవప్రక్క లేచును. తరువాత మరమేకుల తలలమీదను, అంచుచుట్టును సీలెంటు పూయవలెను. అది ఆరినపిమ్మట కప్పుమీద కడవలతో నీరు పోసి, లోపల చెమ్మ దిగకుండుట చూచి, ఆపైననే లోకప్పు పలకలు వేయవలెను. ఏటేట మృగశిర కార్తెకు ముందు కప్పెక్కి ఆ పూతను పరీక్షించుట మంచిది. పంకా మూత కీలు బండి ముందువైపున నుండవలెను. అట్లున్నచో ఎదురుగాలి మూతను విఱిచివేయక అణచిపట్టును.

ఈ పంకాలు 12 వోల్టుల బ్యాటరీతో తిరుగును. ఇంజనును నడుపు బ్యాటరీ వేఱు, ఇంటిపనుల బ్యాటరీ వేఱు ఉండుట మేలు. లేనిచో తెల్లవాఱునప్పటికి బండి కదలకపోవచ్చును. మందగతిని 1 ఆంపియరు తీసికొను పంకా రాత్రి 9 గంటలు తిరిగిన 9 ఆంపియరు-గంటలు ఖర్చగును. అదే వేగమున 4 ఆంపియర్లు తీసికొన్నచో 36 అగును. సీసపు బ్యాటరీ 100 ఆంపియరు-గంటలదైనను అందులో సగమునకు మించి వాడకుండుట దాని యాయువునకు మంచిది. బ్యాటరీనుండి బయలుదేఱు తీగకు బ్యాటరీదగ్గరనే ఫ్యూజు పెట్టవలెను. బండి మార్పులను గూర్చి 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టమున 52వ సెక్షను కలదు. కావున కప్పు కోయుటకు ముందే రవాణాశాఖవారిని విచారించుకొనుట వివేకము.

పంకా చేయజాలని పనులను గూడ చెప్పకున్నచో నా ప్రసంగము సగమే యగును. పంకా బయటిగాలికంటె లోపలిగాలిని చల్లగా చేయలేదు. మన పల్నాటిసీమ వైపున మే నెలలో 45 డిగ్రీల ఎండలు చూచినవారమే కదా. అట్టి మిట్టమధ్యాహ్నమున పంకా తెచ్చునది వడగాలియే. అప్పుడు వేపచెట్టు నీడయు, త్రాగునీరును, తడిగుడ్డయు శరణ్యములు. పంకాకు తగిన కాలము రాత్రి.

ఇంకొకటి ప్రాణాపాయమైనది. 2024 డిసెంబరు నెలలో కేరళమున వడకర యొద్ద నిలిపియున్న ఒక కారవానునందు ఇద్దరు మనుష్యులు మృతులై కనబడిరి. జనరేటరునుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు బండి అడుగుభాగపు కంతగుండ లోనికి చేరుటయే కారణమని నిపుణులు పరీక్షించి తేల్చిరి. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానిని మేల్కొననీయదు.

దీనికిని మన పంకాకును సంబంధమేమని మీరడుగవచ్చును. కిటికీలు మూసి పంకా త్రిప్పినపుడు లోపల గాలి ఒత్తిడి తగ్గును. మనము మంచిదారి చూపనియెడల గాలి తానే దారి వెదకుకొనును. నేలపలకల సందులనుండియు, తీగలకు వేసిన కంతలనుండియు లోనికి దూఱును. ఆ క్రింద ఇంజనుగాని జనరేటరుగాని నడచుచున్నచో దాని పొగయే ఊపిరిగాలి యగును. కావున నేలకంతల నన్నింటిని పూడ్చవలెను. జనరేటరును బండికి దూరముగా, గాలివాలుకు దిగువన ఉంచవలెను. బండిలో బొగ్గులకుంపటి ఎన్నడును పెట్టరాదు. గ్యాసుపొయ్యి వెలిగించినంతసేపును కిటికీ తెఱచి, పంకా త్రిప్పుచుండవలెను, పడుకొనుటకు ముందు పొయ్యి ఆర్పవలెను. ఈ విషవాయువును కనిపెట్టి గంట మ్రోగించు చిన్న యంత్రములు అమ్ముచున్నారు. పంకాతోపాటు దానిని గూడ కొనుట మంచిది. చీరకొంగు ముక్కునకు అడ్డు పెట్టుకొన్నంతమాత్రమున ఆ వాయువు ఆగదు.

మీ కుమారులుగాని మనుమలుగాని ఇట్టి బండిని సిద్ధపరచి, యాత్రకు రమ్మని మిమ్ము పిలువవచ్చును. అప్పుడు మీరు పరుపు మెత్తనిదా యని అడుగుటకు ముందు ఈ మూడు ప్రశ్నలు వేయుడు. గాలి ఏ దారిని పోవును? ఏ దారిని వచ్చును? ఆ వచ్చుదారిలో పొగ యేమైన నున్నదా? మూడింటికిని తగిన సమాధానములు దొరకినపిదపనే సుఖముగా బండి యెక్కుడు.