గూట్లో గుడ్లున్నాయి, పిట్ట లేదు

బాల్కనీలో మల్లె కుండీ. కొమ్మల నడుమ దోసిట్లో పట్టేంత గూడు. అందులో లేత గులాబి రంగు మీద ఎర్రటి చుక్కలు చల్లినట్టున్న గుడ్లు రెండు. అవి పిగిలిపిట్టవి, బుల్‌బుల్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. పొద్దున చూస్తే పిట్ట లేదు, మధ్యాహ్నం చూసినా లేదు. ముట్టుకుంటే గుడ్డు చల్లగా తగిలింది. తల్లి వదిలేసి పోయిందని ఇంటిల్లిపాదికీ బెంగ.

చాలాసార్లు ఆ బెంగ తొందరపాటే. నాటుకోళ్ళు పెంచిన ఇళ్ళల్లో ఈ సంగతి తెలుసు. ఏ రోజు గుడ్డును ఆ రోజే పొదగెయ్యరు. పది పన్నెండు పోగయ్యేదాకా దాచి, అన్నిటినీ ఒకేసారి కోడి కింద పెడతారు. వారం కిందటి గుడ్డూ నిన్నటి గుడ్డూ 21వ రోజు ప్రాంతంలో కలిసే పగులుతాయి. పొదుగు వేడి తగిలేదాకా లోపలి జీవం ఎదగకుండా ఆగి ఉంటుంది, చచ్చిపోదు. బుల్‌బుల్ కూడా రోజుకొకటి చొప్పున రెండో మూడో గుడ్లు పెడుతుంది. చిన్న పిట్టలు చాలావరకు గుడ్లన్నీ పెట్టడం పూర్తి కావస్తే గాని పొదుగు మీద నిలకడగా కూర్చోవు. అందాకా గూడు ఖాళీగా, గుడ్డు చల్లగా ఉండటం మామూలే.

కూర్చున్నాక మాత్రం మేతకు లేవకుండా ఎలా ఉంటుంది? పైగా ఎండ ముదిరితే గుడ్డును వేడి చేయడం కాదు, చల్లబరచడమే పెద్ద పని. బీడునేల మీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టే తీతువు, పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లకు చలవ చేస్తుంది. దాన్ని చెరువు దగ్గర చూసి, గుడ్లు వదిలేసిందనుకుంటే ఆ తల్లికి ఎంత అన్యాయం!

నిజంగా వదిలేసిందా అన్నది దూరం నుంచే తేల్చుకోవాలి. తలుపు వేసి, కిటికీ పరదా సందులోంచి పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట చూడండి. పక్కనే నిలబడితే పిట్ట రాదు. రాలేదని మనం మళ్ళీ మళ్ళీ వెళ్తాం, అది మరింత బెదురుతుంది. మనిషి చెయ్యి వాసన తగిలితే గూడు విడిచిపెడుతుందన్న మాట నిజం కాదు గాని, మన రాకపోకలకు విసిగి విడిచిపెట్టడం నిజమే. ఆ రాకపోకల్ని కాకి, జెముడుకాకి కూడా కనిపెడతాయి.

గాలివానకు గూడు కిందపడి గుడ్లు పగలకుండా ఉంటే, అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో పెట్టి, ఉన్న చోటే కట్టండి. వేరే చెట్టుకు మారిస్తే తల్లి వెతుక్కోలేదు.

ఇక, బల్బు వెలుగులో మనమే పొదిగిద్దామన్న ఆలోచన. అందులోని జాలి నాకు తెలుసు, అయినా వద్దంటాను. వేడి 37, 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి, గాలిలో తేమ కావాలి, గుడ్డును రోజూ పలుమార్లు తిప్పాలి. అంతా కుదిరి పగిలినా, కళ్ళు తెరవని ఆ నెత్తురు గుడ్డుకు తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా కొద్ది నిమిషాలకోసారి పురుగులు పెట్టాలి. మేత వెతకడం, పిల్లిని చూసి ఎగరడం మనం నేర్పలేం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడవి పిట్టల గుడ్లను కదిలించడాన్ని వేటతో సమానంగానే చూస్తుంది. గుడ్లు పగిలి పిల్లలు వచ్చాక తల్లి చనిపోయిందని ఖాయంగా తెలిస్తే, అటవీశాఖ వాళ్ళకు కబురు పెట్టండి.

బుల్‌బుల్ పొదుగు రెండు వారాలు. మీరు చూసి నెల దాటినా గుడ్లు పగలలేదంటే ఇక పగలవు. అప్పటికి ఆ జంట మరోచోట కొత్త గూడు కట్టుకునే ఉండవచ్చు. ఒకే ఏడాదిలో మళ్ళీ గుడ్లు పెట్టడం వాటికి అలవాటే.

ఈలోగా మల్లెను ఎండగట్టక్కర్లేదు. పిట్ట మేతకు లేచిన వేళ చూసి, కుండీ అంచున చెంబుతో మెల్లగా నీళ్ళు పోసి, గూట్లోకి తొంగి చూడకుండా లోపలికి వచ్చేయండి.